మాటను మార్చుట, గుర్తును కాపాడుట

అచ్చుపుస్తకమునందు ఒక మాట తప్పుగా పడినచో, మఱల అచ్చువేయు వఱకును ఆ తప్పు నిలిచియే యుండును. గ్రంథము చివర తప్పొప్పుల పట్టిక చేర్చుట తప్ప దానికి వేఱుపాయము లేదు. వెబ్ పుట యట్టిది కాదు. దానియందలి మాటను ఏ క్షణమునందైనను మార్చవచ్చును. అంతియే కాదు, వేయి పుటలలో నున్న ఒకే మాటను ఒక్క యాజ్ఞతో మార్చవచ్చును. ఇది గొప్ప సౌకర్యమే. అయితే ఒక్క యాజ్ఞతో వేయి తప్పులు దిద్దగలవాడు ఒక్క యాజ్ఞతో వేయి తప్పులు చేయనుగలడు. కావున ఈ విద్యయందు మార్చుట యెంత ముఖ్యమో, మార్చకుండ విడుచుటయు అంత ముఖ్యము.

మన పాఠశాల పై తరగతుల విద్యార్థులలో కంప్యూటరు విద్య నభ్యసించువారు పలువురు కలరు. వారి తల్లిదండ్రులకును ఈ విషయము కొంత తెలిసియుండుట మేలు. ఏలయన నేడు పరీక్షాఫలములు, ప్రభుత్వ ప్రకటనలు, ఆస్పత్రుల వివరములు, ఊళ్ల చరిత్రలు అన్నియు వెబ్ పుటలలోనే చూచుచున్నాము. ఆ పుటలలోని మాటలను సర్వరునందు ఏ విధముగ మార్చుదురో, ఎచ్చట పొరపాట్లు కలుగునో, మన నిజామాబాదు, బోధన్ ప్రాంతముల నుండియే యుదాహరణములు తీసికొని వివరింప యత్నించెదము.

పుట యెట్లు కూర్పబడును

టిమ్ బెర్నర్స్-లీ యను ఆంగ్లేయుడు జెనీవా నగరము చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున పనిచేయుచు 1989వ సంవత్సరమున వెబ్‌ను గూర్చిన తన ప్రతిపాదనము నొసగెను. 1991లో అది బయటి లోకమునకు అందుబాటులోనికి వచ్చెను. వెబ్ పుటలను వ్రాయుటకై యేర్పడిన భాషకు హెచ్.టి.ఎం.ఎల్. అని పేరు. ఆ పేరులో నిమిడియున్న ‘మార్కప్’ అను మాట అచ్చుకూటముల నుండి వచ్చినది. పూర్వము సంపాదకుడు వ్రాతప్రతిని అచ్చునకు పంపునపుడు, ఈ మాటను లావు అక్షరములలో కూర్పుమనియు, ఇచ్చట క్రొత్త పేరా మొదలిడుమనియు అంచులయందు గుర్తులు పెట్టెడివాడు. ఆ గుర్తులు కంపోజిటరు కొఱకే గాని చదువరి కొఱకు కావు. అవి పుస్తకములో అచ్చుపడవు. హెచ్.టి.ఎం.ఎల్. నందును చదువరి కొఱకైన మాటలును, బ్రౌజరు కొఱకైన గుర్తులును ఒకే వరుసలో కలసి యుండును. గుర్తులను కోణచిహ్నముల నడుమ నుంచుదురు. వానికి ట్యాగులని పేరు.

పుట మొత్తము ఒకేచోట వ్రాసియుండదు. తలకట్టు వేఱు, ప్రక్కనుండు పట్టిక వేఱు, అడుగుభాగము వేఱు. వ్యాసము మాత్రము ఒక తునకగా సర్వరునందలి డేటాబేసులో నుండును. చదువరి కోరినపుడు సర్వరు ఆ తునకల నన్నిటిని కూర్చి ఒక పుటగా చేసి పంపును. వసతిగృహపు వంటశాలలో అన్నము, పప్పు, కూర వేఱువేఱుగ వండి, పంక్తి కూర్చుండినపుడు ఒకే విస్తరిలో వడ్డించుట వంటిదే యిది. కూరలో ఉప్పు తక్కువైనచో వంటశాలలోనే వేసిన యెడల అందఱకును ఒక్కసారిగా సరిపోవును. ప్రతి విస్తరి యొద్దకు పోయి ఉప్పు చల్లుట వ్యర్థశ్రమ. సర్వరునందు మాటను దిద్దుట వంటశాలలో ఉప్పు వేయుట వంటిది. చదువరి ఫోనులోని బ్రౌజరుచేత దిద్దించుట విస్తరిలో చల్లుట వంటిది. సర్వరునందు దిద్దినచో చవుక ఫోను గలవానికిని, నెమ్మదియైన నెట్ గలవానికిని, వెదకు యంత్రములకును దిద్దిన మాటయే చేరును. ఈ పనికి పూనుకొను సర్వరు భాషలు పెక్కు గలవు. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో ప్రకటించిన పి.హెచ్.పి. వానిలో మిక్కిలి వ్యాప్తి గలది.

డిచ్‌పల్లి యుదాహరణము

నిజామాబాదునకు చేరువనున్న డిచ్‌పల్లి యందు 1915లో డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారును, ఆమె భర్తయగు రెవరెండు జార్జి కెర్ గారును కుష్ఠువ్యాధి చికిత్సాలయమును నెలకొల్పిన సంగతి మిషను సేవ నెఱిగిన వారందఱకును తెలిసినదే. నాటి వ్రాతలలో ఆ వ్యాధి సోకినవారిని ‘కుష్ఠరోగి’ యని వ్రాయుట వాడుక. ఆ మాటయందు మనుష్యుని పేరు పోయి, వ్యాధి పేరే మనుష్యుని పేరై కూర్చున్నది. మఱియు నేడది సత్యమును కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో నిర్దేశించిన బహుళౌషధ చికిత్సచేత వ్యాధిస్థితిని బట్టి ఆఱు మాసములలో గాని ఒక సంవత్సరములో గాని ఆ వ్యాధి నయమగును. నయమైనవానిని జీవితాంతము రోగి యని పిలుచుట న్యాయమా? 2010 డిసెంబరునందు ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ ఆమోదించిన తీర్మానమున, ఇట్టి అవమానకరమగు మాటలను ఏ భాషయందున్నను ప్రభుత్వ ప్రచురణముల నుండి తొలగింపవలసినదని చెప్పిన మార్గదర్శక సూత్రములు కలవు.

కావున డిచ్‌పల్లి చరిత్రను తెలుపు వెబ్ వ్యాసములు కొన్ని ఒక సర్వరునందు ఉన్నవనుకొందము. వానిలో ‘కుష్ఠరోగి’ అను మాటను తీసివేసి ‘కుష్ఠువ్యాధి సోకిన వ్యక్తి’ యని వ్రాయవలెను. అందొక తునక ఈ క్రింది విధముగ నున్నది. ట్యాగుల పేర్లు నిజముగ ఇంగ్లీషు అక్షరములలో నుండును. బోధపడుటకై తెలుగున వ్రాయుచున్నాము.

‹పేరా› ‹లంకె చిరునామా="కుష్ఠరోగి-సేవ-1915"› డిచ్‌పల్లి చరిత్ర ‹/లంకె› : ఒక కుష్ఠరోగి ఇచ్చటికి నడచి వచ్చెను. ‹చిత్రము దస్త్రము="కుష్ఠరోగి-3" వివరణ="చికిత్స పొందుచున్న కుష్ఠరోగి"› ‹/పేరా›

ఈ చిన్న తునకలో ఆ మాట నాలుగు చోట్ల నున్నది. నాలుగును చూచుటకు ఒకటే. కాని వాని పనులు వేఱు. మొదటిది లంకె చిరునామాలో నున్నది. అది మఱొక పుటకు పోవు త్రోవ. రెండవది చదువరి చదువు వాక్యములో నున్నది. మూడవది చిత్రమును దాచిన దస్త్రము పేరు. నాలుగవది చిత్రమునకు వ్రాసిన వివరణ.

తొందరగల పనివాడు ‘వెదకి మార్చుము’ అను ఆజ్ఞ నిచ్చును. ఆ యాజ్ఞ గ్రుడ్డిది. అది నాలుగింటిని మార్చివేయును. తత్ఫలితముగ చిరునామా మాఱి, లంకె నొక్కినవానికి పుట దొరకలేదను సమాధానము వచ్చును. దస్త్రము పేరు మాఱి చిత్రము కనబడకపోవును. ఊరిపేరు అందముగ మార్చవలెనని యింటి తాళపుచెవి పండ్లను గూడ అరగదీసినట్లగును. అవమానకరమగు మాట పోయినది నిజమే. కాని చరిత్రకు పోవు త్రోవయు మూసికొనిపోయినది.

చెట్టుగా చేసి చూచుట

ఈ చిక్కును తొలగించు మార్గమేమనగా, తునకను అక్షరముల వరుసగా చూడక చెట్టుగా చూచుట. సర్వరునందు పార్సరు అను పనిముట్టు గలదు. అది తునకను మొదటి నుండి చదివి, ఏది ట్యాగు, ఏది ట్యాగునకు చెందిన గుణము, ఏది శుద్ధమైన పాఠ్యము అని విడదీసి, కొమ్మలును ఆకులునుగా ఒక చెట్టును కట్టును. పై తునకలో పేరా యనునది మొదలు; లంకె యొక కొమ్మ, చిత్రము మఱొక కొమ్మ. ‘డిచ్‌పల్లి చరిత్ర’ యనునది లంకె కొమ్మకు కాచిన యాకు. ‘ఒక కుష్ఠరోగి ఇచ్చటికి నడచి వచ్చెను’ అనునది పేరాకు కాచిన యాకు. చిరునామాలును దస్త్రముల పేర్లును ఆకులు కావు. అవి కొమ్మకు కట్టిన చీటీలు. ఇట్టి చెట్టునకు డామ్ అని పేరు. దాని నియమములను వెబ్ ప్రమాణముల సంఘము 1998లో మొదట ప్రకటించెను.

చెట్టు కట్టిన పిదప పని సులువగును. ఆకుల నొక్కొక్కటిగ చూచి, ఆ యాకులందలి మాటలను మాత్రమే మార్చవలెను. చీటీలను ముట్టరాదు. అయినను ఈ నియమమునకు ఒక ముఖ్యమైన మినహాయింపు గలదు. చిత్రమునకు వ్రాసిన వివరణయు చీటీయే. కాని అది మనుష్యుని కొఱకే వ్రాయబడినది. చూపులేనివారు ఫోనుచేత పుటను చదివించుకొని వినునపుడు, చిత్రమునకు బదులుగా ఆ వివరణయే వారికి వినబడును. కంటితో చదువువారికి మర్యాదమాటను చూపి, చెవితో వినువారికి పాతమాటనే వినిపించుట తగదు. కావున చీటీలలో ఏది త్రోవ, ఏది మనుష్యునితో పలుకుమాట యని తెలిసికొని, రెండవదానిని మాత్రము మార్చవలెను.

ఆకులలోను కొన్నిటిని విడువవలెను. బ్రౌజరునకు ఆజ్ఞలిచ్చు స్క్రిప్టు భాగమును, రంగులు నిర్ణయించు స్టైలు భాగమును చెట్టులో పాఠ్యమువలె కనబడినను, మనుష్యులు చదువునవి కావు. వానిని దాటిపోవలెను. మఱియు ఉల్లేఖనముల కొఱకు ప్రత్యేకమైన ట్యాగు గలదు. 1920 ప్రాంతపు నివేదిక నుండి ఒక వాక్యమును ఉన్నదున్నట్లు ఎత్తివ్రాసినచో, ఆ ట్యాగు లోపలి మాటలను మనము దిద్దరాదు. అవి నాటివారు పలికినవి. వారి నోట మన మాటలు పెట్టుట చరిత్రకు ద్రోహము. పాత గ్రంథముల పేర్లును, వేదవాక్యములును అట్టివే. కాని వ్రాసినవాడు ఉల్లేఖనమునకు ఉల్లేఖనపు ట్యాగు పెట్టినప్పుడే యంత్రము దానిని గుర్తింపగలదు. కావున గుర్తులను సరిగ పెట్టి వ్రాయుట తర్వాతివారికి చేసిన యుపకారము.

ఒక్కొక్కప్పుడు ఒకే మాట రెండు ఆకులుగా చీలియుండును. ‘కుష్ఠ’ యను భాగము మామూలు అక్షరములలోను, ‘రోగి’ యను భాగము లావు అక్షరముల ట్యాగు లోపలను ఉన్నచో, ఏ యొక్క యాకులోను పూర్తిమాట దొరకదు. అట్టి చోట్లను యంత్రము పట్టజాలదు. పేరాలోని ఆకుల నన్నిటిని కలిపి చదివి, మాట యున్నచోట్ల జాబితా వ్రాయించి, మనుష్యుడే కన్నులతో చూచి దిద్దుట మేలు.

తెలుగు భాష పెట్టు పరీక్ష

ఇంతవఱకు చెప్పినది ఏ భాషకైనను సమానమే. ఇక తెలుగునకు ప్రత్యేకమైన చిక్కులు గలవు. మన మాటలు విభక్తులతో కలసి రూపము మార్చుకొనును. ‘కుష్ఠరోగి’ యనునది ‘కుష్ఠరోగిని’, ‘కుష్ఠరోగులు’, ‘కుష్ఠరోగులకు’ అని మాఱును. ‘వ్యక్తి’ యను మాటయు ‘వ్యక్తిని’, ‘వ్యక్తులు’, ‘వ్యక్తులకు’ అని అదే త్రోవలో నడచును గనుక ఇచ్చట మన కదృష్టము కలిసివచ్చినది. దానికి బదులుగా ‘సోకినవారు’ అను మాటను ఎన్నుకొన్నచో ‘సోకినవారికి’, ‘సోకినవారిని’ అని వేఱు రూపములు కావలెను. కావున మార్చు మాటను ఎన్నుకొనుటకు ముందే విభక్తి రూపముల పట్టిక వ్రాసికొనుట వివేకము.

బోధన్ పట్టణమే మఱొక పాఠము నేర్పుచున్నది. ఒక విద్యాసంస్థ తన పుటలలో ‘బోధన’ యను మాటకు బదులు ‘శిక్షణ’ యని వాడదలచినదనుకొనుడు. కంప్యూటరులో ‘బోధన్’ అను పేరు ‘బోధన’ యను అక్షరములకు పిదప పొల్లు గుర్తు నొకదానిని చేర్చి వ్రాయబడును. కావున ‘బోధన’ యను మాట ‘బోధన్’ లోపల సంపూర్ణముగ ఇమిడియున్నది. గ్రుడ్డి యాజ్ఞ నిచ్చినచో బోధన్ పట్టణము ‘శిక్షణ్’ పట్టణమై కూర్చుండును! ‘సంబోధన’ ‘సంశిక్షణ’ యగును.

దీనికి ఇంగ్లీషు చదివినవారు చెప్పు మందు, పూర్తిమాటను మాత్రమే మార్చుమని యాజ్ఞలో చెప్పుట. మాట యెచ్చట ముగియునో తెలుపు సంకేతము సర్వరు భాషలలో గలదు. కాని ఆ సంకేతమును ఇంగ్లీషు అక్షరములను దృష్టిలో నుంచుకొని చేసిరి. కొన్ని యంత్రభాషలలో మన గుణింతపు గుర్తులును, పొల్లును అక్షరములుగ లెక్కకు రావు. అందుచేత ‘బోధన్’ లోని నకారము తర్వాతనే మాట ముగిసినదని యంత్రము భ్రమపడి, పట్టణము పేరును మార్చివేయును. కావున తెలుగున పనిచేయువాడు, మాటకు ముందును వెనుకను తెలుగు అక్షరము గాని గుణింతపు గుర్తు గాని లేనిచోటనే మార్చుమని స్వయముగ నియమము వ్రాయవలెను. యూనికోడ్ పట్టికలో తెలుగు లిపికి ప్రత్యేకస్థానము 1991 నుండియు నున్నది గనుక, ఈ నియమము వ్రాయుట కష్టము కాదు.

అంతటితోను చిక్కు తీరదు. ‘బోధనోపకరణములు’ అను మాటలో సంధిచే ‘బోధన’ కలిసిపోయినది. దానిని ‘శిక్షణోపకరణములు’ అని మార్చుట మనకు సమ్మతమే. కాని పూర్తిమాట నియమము దానిని విడిచిపెట్టును. ఒక నియమము బోధన్‌ను కాపాడినది. అదియే నియమము బోధనోపకరణములను మఱచినది. కావున సంధిరూపములను, సమాసములను వేఱుగ పట్టిక వ్రాసి యంత్రమున కీయవలెను. వ్యాకరణము చదివిన విద్యార్థికి ఈ పనిలో కంప్యూటరు మాత్రమే తెలిసినవానికంటె ఎక్కువ సామర్థ్యముండును. వ్యాకరణ పాఠములు ఎందుకని యడుగువారికి ఇదియే మా ప్రత్యుత్తరము.

అర్థము నెఱిగి మార్చుట

మాట మాఱవలెనా యను ప్రశ్నకు సమాధానము కొన్నిసార్లు వ్యాకరణములోను లేదు, వాక్యార్థములో నున్నది. 2016 అక్టోబరు 11వ తేదీన కామారెడ్డి జిల్లా నిజామాబాదు జిల్లా నుండి విడివడినది. మంజీరానదిపై 1923 నుండి 1931 వఱకు కట్టబడిన నిజాంసాగరము నేడు కామారెడ్డి జిల్లాలోనిది. కావున ‘నిజాంసాగరము నిజామాబాదు జిల్లాలో నున్నది’ అను వాక్యమును దిద్దవలెను. బోధన్, ఆర్మూరు నిజామాబాదు జిల్లాలోనే యున్నవి. వానిని గూర్చిన వాక్యములను దిద్దరాదు. ‘1931లో నిజామాబాదు జిల్లాయందు నిజాంసాగరము పూర్తియైనది’ అను వాక్యమునో? అది నాటి సత్యము. నాడు కామారెడ్డి జిల్లా లేదు. దానిని దిద్దినచో సత్యమును అసత్యముగ చేసినట్లగును. మూడు వాక్యములలోను మాట యొకటే. తీర్పులు మాత్రము వేఱు.

దిద్దుటలో మఱొక జాగ్రత్త గలదు. ‘నిజామాబాదు జిల్లా’ అనుచోట ‘కామారెడ్డి జిల్లా (పూర్వపు నిజామాబాదు జిల్లా)’ అని వ్రాయుమని యాజ్ఞ నిచ్చితిమనుకొనుడు. మొదటిసారి చక్కగా మాఱును. పొరపాటున అదే యాజ్ఞను రెండవసారి నడిపినచో, కుండలీకరణములలోని ‘నిజామాబాదు జిల్లా’ మఱల దొరకును. వాక్యము ‘కామారెడ్డి జిల్లా (పూర్వపు కామారెడ్డి జిల్లా (పూర్వపు నిజామాబాదు జిల్లా))’ అని బావిలో బావివలె పెరుగును. కావున ఎన్నిసార్లు నడిపినను ఒకే ఫలమునిచ్చునట్లు ఆజ్ఞను వ్రాయవలెను. ముందే దిద్దిన వాక్యమును గుర్తించి దాటిపోవుట దాని యుపాయము.

బోధన్ శక్కర్‌నగరునందలి చక్కెర కర్మాగారము 1937లో స్థాపింపబడినది. 2002లో అది ప్రైవేటు యాజమాన్యములోనికి పోయి నిజాం దక్కన్ షుగర్స్ అను పేరు పొందినది. 2015 డిసెంబరునందు అచ్చటి పని నిలిచిపోయినది. పాత పుటలో ‘నిజాం షుగర్ ఫ్యాక్టరీ చెఱకు ఆడించుచు వేలకుటుంబములను పోషించుచున్నది’ అని యున్నదనుకొందము. పేరును మాత్రము మార్చినచో వాక్యము క్రొత్త పేరుతో పాత యబద్ధము చెప్పును. దిద్దవలసినది పేరు కాదు, క్రియ. ‘పోషించుచున్నది’ అనుచోట ‘పోషించినది’ అని వ్రాయవలెను. ఏ సంవత్సరము వఱకో చెప్పవలెను. చెఱకు పండించి బండ్లపై తోలిన రైతునకును, గేటు మూసిన నాడు ఇంటికి మఱలిన కార్మికునకును ఆ యొక్క క్రియ యెంత బరువైనదో వేఱుగ చెప్పనేల? ఇట్టి మార్పును యంత్రమునకు అప్పగింపరాదు. యంత్రము వాక్యమున్న చోటును చూపవలెను, మనుష్యుడు వ్రాయవలెను.

సర్వరునందలి యాచరణము

ఇక పనిచేయు విధానమును క్రమముగ చెప్పెదము. మొట్టమొదట అసలు తునకకు నకలు తీసి భద్రపఱచవలెను. నకలు లేని దిద్దుబాటు తాడు లేక బావిలో దిగుట వంటిది.

రెండవది, తునక యే సంకేతపద్ధతిలో వ్రాయబడినదో పార్సరునకు స్పష్టముగ చెప్పవలెను. నేడు వాడుకలోనున్న యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో మన తెలుగు అక్షరసంకేతము ఒక్కొక్కటి మూడేసి బైట్లు తీసికొనును. పి.హెచ్.పి. యందలి పాత పార్సరు, పద్ధతి యేదో చెప్పనిచో, పాశ్చాత్య లిపిగా నెంచి ఒక్కొక్క బైటును ఒక్కొక్క యక్షరముగ చదువును. అప్పుడు మన యక్షరము మూడు అన్యలిపి గుర్తులుగ చీలి, డిచ్‌పల్లి చరిత్ర యంతయు చదువరాని వింతగీతలగును. 2024 నవంబరునందు వచ్చిన పి.హెచ్.పి. 8.4 నందు నేటి హెచ్.టి.ఎం.ఎల్. నియమముల ననుసరించి చదువు క్రొత్త పార్సరు చేర్చబడినది. అయినను పద్ధతిని స్పష్టముగ చెప్పుట మానరాదు.

మూడవది, తునక యనునది పూర్తిపుట కాదని మఱవరాదు. కొన్ని పార్సరులు తునకను చూచి పుట యనుకొని, దానికి తలయు, మొండెమును తామే తొడుగును. దిద్దిన పిదప ఆ తొడుగుతో సహా డేటాబేసులో దాచినచో, పుటలోపల పుట యేర్పడును. కావున లోపలి తునకను మాత్రమే వెలికి తీసి దాచవలెను.

నాలుగవది, చెట్టులోని యాకులయందును, మనుష్యులు చదువు వివరణలయందును మాత్రము, పట్టికలోని రూపములను మార్చవలెను. స్క్రిప్టులను, స్టైలులను, ఉల్లేఖనములను దాటవలెను.

అయిదవది మిక్కిలి ముఖ్యము. క్రొత్తగా చేర్చు మాటను పాఠ్యముగనే చేర్చవలెను గాని ట్యాగుగ చేర్చరాదు. కోణచిహ్నములకును, ఇంగ్లీషున ‘మఱియు’ అను అర్థముగల చిహ్నమునకును హెచ్.టి.ఎం.ఎల్. నందు ప్రత్యేకమైన పని గలదు. వానిని చదువరికి చూపవలసినచో మాఱు సంకేతములుగ వ్రాయవలెను. ఆకులో పాఠ్యముగ చేర్చినచో పార్సరే ఈ పని చేసిపెట్టును. అట్లు గాక, ఎవరో పంపిన మాటను ఉన్నదున్నట్లు తునకలో అతికించినచో, ఆ మాటలో దాగిన స్క్రిప్టు ట్యాగు చదువరుల బ్రౌజరులలో పనిచేయ నారంభించును. దుర్మార్గులు రహస్యపదములను దొంగిలించుటకు తఱచు వాడు త్రోవలలో నిది యొకటి. దీనికి క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అని పేరు. ఇంటికి వచ్చిన ఉత్తరమును చదువవచ్చును గాని, ఉత్తరము తెచ్చినవానికి బీరువా తాళపుచెవి యీయరాదు గదా.

కడపటిది, వెంటనే దాచక, ఏ పుటలో ఏ వాక్యము ఎట్లు మాఱెనో రెండు వరుసలలో పాతదియు క్రొత్తదియు ప్రక్కప్రక్కన చూపు జాబితాను యంత్రముచేత వ్రాయింపవలెను. అచ్చునకు ముందు ప్రూఫు చూచినట్లు దానిని ఒకరు గాక ఇద్దఱు చదువవలెను. ఒకరు కంప్యూటరు తెలిసినవారును, ఒకరు ఆ విషయమును, ఆ యూరును ఎఱిగినవారును అయినచో మఱింత మేలు. వారు సరి యన్న పిదపనే దాచవలెను.

చదువరులారా, ఈ పనియందు యంత్రమునకును మనకును గల పంపకము స్పష్టమైనది. గుర్తు వేఱు, మాట వేఱు అని విడదీయుట యంత్రము మనకంటె బాగుగ చేయును. వేయి పుటలను అలయక చదువును. కాని ఏ మాట మనుష్యుని నొప్పించునది, ఏ మాట నాటి సాక్ష్యము, ఏ క్రియ నేటికి అబద్ధమైనది అని తెలియుట మన పని. డిచ్‌పల్లిలో చికిత్స పొంది ఇంటికి మఱలిన యొకామె మనుమరాలు ఫోను తెఱచి తన యవ్వను గూర్చి చదువునపుడు, ఆ పుటలో రోగి కాక వ్యక్తి కనబడవలెను. లంకె నొక్కినపుడు త్రోవ తెఱచుకొనవలెను. నాటి నివేదికలోని వాక్యము నాటివలెనే యుండవలెను. ఈ మూడును ఒక్కసారి నెఱవేఱినప్పుడే మాటను మార్చితిమని చెప్పుకొనదగును. సెలవులలో కంప్యూటరు ముందు కూర్చుండు మన విద్యార్థులు ఒక చిన్న తునకను తీసికొని, ‘బోధన’ను ‘శిక్షణ’గ మార్చి, బోధన్‌ను బోధన్‌గనే నిలుపుటకు యత్నింతురు గాక.